చెంగ్డూలో ఉన్న చెల్లికి: చైనీస్‌ని తెలుగు దారిలో నేర్చుకో

ప్రశ్న: అక్కా, మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్ వచ్చి సెప్టెంబరులో చెంగ్డూలో చేరాను. మొదటి ఏడాదంతా భాషే. హెచ్‌ఎస్‌కే అనే చైనీస్ భాషా పరీక్షలో నాలుగో స్థాయి పాసైతేనే పీజీలోకి తీసుకుంటామన్నారు. క్లాసులో కొరియా, జపాన్, వియత్నాం పిల్లలు దూసుకుపోతున్నారు. నేను నోరు తెరిస్తే టీచర్ ఒకే మాట మళ్లీ మళ్లీ చెప్పిస్తున్నారు, అయినా తప్పే. క్లాసులో అర్థమైన నాలుగు ముక్కలూ బజారుకి వెళ్తే పనికి రావట్లేదు, అక్కడ వాళ్లు మాట్లాడేది ఇంకేదో భాషలా ఉంది. గొడ్డుమాంసం, పంది మాంసం తినను, అందుకని క్యాంటీన్‌లో ఏం తీసుకోవాలన్నా భయమే. సాయంత్రమైతే తెలుగు వాళ్ల గదిలో చేరి పడుకునే వేళకి వస్తున్నాను. అమ్మతో బాగున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాక ఏడుపొస్తోంది. ఒక సీనియర్, పిల్లలకి ఇంగ్లీషు చెప్పే పనుంది, డబ్బు చేతికిస్తారు, చెయ్యమంటున్నాడు. నా బుర్రకి ఈ భాష రాదేమో అక్కా. సంక్రాంతికి ఇంటికి వెళ్లి ఇంక తిరిగి రాకుండా ఉండిపోవాలనిపిస్తోంది. ఏం చెయ్యను?

సమాధానం: చెల్లీ, ముందు నీ పక్క బెంచీల సంగతి మాట్లాడుకుందాం. ఆ జపాన్ అమ్మాయి ఒకటో తరగతి నుంచీ చైనా అక్షరాలు రాస్తూనే పెరిగింది. వాళ్ల దేశంలో రోజువారీ వాడకానికి ప్రభుత్వం ప్రకటించిన జాబితాలోనే 2,136 అక్షరాలున్నాయి. కొరియా వాళ్లు రాసేది హంగుల్ లిపిలోనే అయినా, వాళ్ల మాటల్లో చైనా నుంచి వెళ్లినవి మన తెలుగులో సంస్కృతం ఉన్నంతగా ఉంటాయి. చైనీస్‌లోలాగే, గొంతు ఎత్తుదించితే మాట అర్థమే మారిపోయే స్వరాలు వియత్నాం భాషకీ సొంతంగానే ఉన్నాయి, హనోయ్ వైపు మాటలో అయితే ఆరు. అంటే వాళ్లు ముగ్గురూ సగం దూరం ముందే నడిచి వచ్చి నీ పక్కన కూర్చున్నారు. వాళ్లతో పోల్చి నీ బుర్రని కొలవకు. ఆ కొలత తప్పు.

నీ దగ్గరా ఒక ఆస్తి ఉంది, దాన్ని నువ్వింకా బయటికి తియ్యలేదు. అది తెలుగు. మనవాళ్లు చాలామంది చైనీస్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవాలని చూస్తారు. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, వివరణ ఇంగ్లీషులో ఉంటుంది, కాబట్టి తెలుగుని గది బయట వదిలేసి వెళ్తారు. నేను ఏళ్లుగా తెలుగు పిల్లలకి ఈ భాష నేర్పుతున్నాను. మొదటి నెలల్లో వాళ్లు పడే పాట్లలో ఎక్కువ భాగం అక్కడే మొదలవుతుంది.

నీ పుస్తకంలో అక్షరాల పక్కన ఉచ్చారణ రాసి ఉంటుంది కదా, పిన్‌యిన్. 1958లో చైనా ఆమోదించిన పద్ధతి అది. లిపి ఇంగ్లీషుదిలా కనిపిస్తుంది గానీ ధ్వనులు ఇంగ్లీషువి కావు. అందులో 'బి' అని రాస్తే అది మన బ కాదు, ప. 'పి' అని రాస్తే ఒత్తు ఫ, అంటే 'ఫలం'లో పెదాలు కలిపి ఊపిరి వదిలే ఫ, ఫ్యాన్‌లోది కాదు. అలాగే 'డి' అంటే త, 'టి' అంటే థ. 'జి' అంటే క, 'కె' అంటే ఖ. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మనం పి, టి, కెలని ఒత్తు లేకుండానే పలుకుతాం. అదే అలవాటుతో నువ్వు చైనీస్‌లో 'టి' పలికితే వాళ్ల చెవికి అది 'డి'. పొట్టని వాళ్లు తుౘ (ౘ అంటే చాపలో పలికే చ) అంటారు, కుందేలుని థుౘ అంటారు. స్వరం కూడా రెండింటికీ ఒకటే, తేడా అంతా ఆ ఒత్తులోనే ఉంది. టీచర్ నీ చేత మళ్లీ మళ్లీ చెప్పిస్తున్నది బహుశా ఇదే, కానీ ఆమె చెవికి వినిపించే తేడాని నీకు ఏ పేరుతో చెప్పాలో ఆమెకి తెలియదు. నీకు తెలుసు. ఒకటో తరగతిలో క, ఖ అని గొంతెత్తి చదివావు.

ఇంకా ఉంది. 'ఎక్స్' అంటే శంకరంలో శ, 'ఎస్‌హెచ్' అంటే షడ్రుచుల్లో ష. మన మాటల్లో ఈ రెండూ కలిసిపోతున్నాయి గానీ, బడిలో తెలుగు మాస్టారు విడివిడిగా పలికించే ఉంటారు, గుర్తు తెచ్చుకో. 'జె' అంటే చీరలో చ, 'క్యూ' దానికి ఒత్తు. 'జెడ్' చూసి చాలామంది జ అంటారు. అది చాపలో, చాలులో మనం పలికే చ, పాత పుస్తకాల్లో ౘ అని రాసేవాళ్లు. 'సి' అంటే ఆ ౘకే ఒత్తు. 'జెడ్‌హెచ్', 'సిహెచ్' మాత్రం కొంచెం కష్టపడాలి: నాలుక కొసని ట పలికే చోట పెట్టి చ, ఛ అనాలి. చివర 'ఎన్‌జి' వస్తే గంగలో సున్నా దగ్గర ఆగిపో, ఆ తర్వాతి గ వరకూ వెళ్లకు. చీరలో చకీ చాపలో చకీ తేడా ఇంగ్లీషు పిల్లాడు నెలల తరబడి కష్టపడి పట్టుకుంటాడు. నీకది అమ్మ మాటతోనే వచ్చింది. ఇవాళ రాత్రి ఒక కాగితం తీసుకుని పిన్‌యిన్ హల్లులన్నిటి పక్కనా తెలుగు అక్షరం రాసుకో. ఒత్తున్న వాటిని పలికేటప్పుడు నోటి ముందు పలచటి కాగితం ముక్క పెట్టుకో. ఫ అంటే అది కదలాలి, ప అంటే కదలకూడదు.

తెలుగులో బొత్తిగా లేనివి రెండున్నాయి, వాటికి మాత్రం టీచర్ నోరు చూడాల్సిందే. ఒకటి, యు మీద రెండు చుక్కలుండే అచ్చు: నోట్లో ఈ అంటూనే పెదాలని ఊ అన్నట్టు గుండ్రంగా చుట్టాలి. రెండోది, నాలుగు అనే అంకెలో వచ్చే అచ్చు. పుస్తకంలో ఎస్, ఐ అని కనిపిస్తుంది గానీ ఆ ఐని ఇ అనుకోకు, స్ అనే శబ్దాన్నే గొంతు కలిపి సాగదీసినట్టు ఉంటుంది.

ఇక స్వరాలు. మొదటిది పైన నిలకడగా సాగేది. రెండోది, ఎవరైనా అన్నది వినపడక 'ఆఁ?' అంటామే, అలా పైకి లేచేది. నాలుగోది 'పో!' అని గదమాయించినట్టు పైనుంచి కిందకి దిగేది. మూడోదాన్ని బోర్డు మీద కిందకి దిగి పైకి లేచే గీతలా వేస్తారు. అది ఒంటరిగా పలికినప్పటి సంగతి. మాటల వరుసలో అది పైకి లేవదు, కింద గొంతులో అలాగే ఉండిపోతుంది. మూడో స్వరం వెంట మళ్లీ మూడో స్వరం వస్తే మొదటిది రెండో స్వరంగా మారిపోతుంది, నువ్వు రోజూ చెప్పే 'నీ హావ్'లో జరిగేది అదే. కాబట్టి ఒక్కో అక్షరాన్ని విడిగా వల్లె వెయ్యడం తగ్గించి, జతలుగా చెప్పు. నాలుగు స్వరాల్లో ఒక్కోదాని వెంట ఆ నాలుగూ, బాణీ లేకుండా పొట్టిగా పలికే తేలిక స్వరమూ వేస్తే ఇరవై జతలు. ఒక్కో జతకి నీకు బాగా తెలిసిన మాట ఒకటి పెట్టుకో. కొత్త మాట ఎదురైతే, ఇది ఆ మాట బాణీయే కదా అని గుర్తు పట్టగలుగుతావు. టీచర్ గొంతు ఫోన్లో రికార్డు చేసుకుని, దాని వెంటనే నీ గొంతు రికార్డు చేసి, రెండూ పక్కపక్కన విను.

మనవాళ్లకి ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది ఒకటి చెప్తాను. ప్రశ్న అడిగేటప్పుడు వాక్యం చివర గొంతు పైకి లేపుతాం. చైనీస్‌లో అలా లేపితే ఆఖరి మాట స్వరం మారిపోతుంది. కొనడం మై, అమ్మడం కూడా మై. మూడో స్వరంలో కొనడం, నాలుగో స్వరంలో అమ్మడం. ఉప్పు యెన్, సిగరెట్టు కూడా యెన్: రెండోదైతే ఉప్పు, మొదటిదైతే సిగరెట్టు. ప్రశ్న అని తెలియడానికి వాళ్లు వాక్యం చివర 'మ' అని చేరుస్తారు, మనం 'వచ్చావు'కి దీర్ఘం చేర్చి 'వచ్చావా' అన్నట్టే. కాబట్టి ప్రశ్న భారాన్ని ఆ 'మ' మీద వదిలేసి, నీ గొంతుని మాత్రం లేపకు.

వ్యాకరణం దగ్గరికొస్తే నీకు ఊరట. 'నిన్న కొన్న పుస్తకం' అనే మాటని ఇంగ్లీషులో చెప్పాలంటే పుస్తకాన్ని ముందుకి తెచ్చి మిగతాదంతా వెనక కట్టాలి. చైనీస్‌లో అదే వరుస: నిన్న ౘ్వొథ్యెన్, కొనడం మై, కలిపే 'త', పుస్తకం షు. ఎప్పుడు, ఎక్కడ అనేవి క్రియకి ముందే వస్తాయి, మనకిలాగే. 'నేను అతనికంటే పొడుగు' అన్న పోలిక కూడా దాదాపు మన వరుసలోనే నడుస్తుంది. కర్మ ఒక్కటే క్రియ తర్వాతికి వెళ్తుంది, దాన్ని కాస్త గమనించుకుంటే చాలు. అక్క, చెల్లి, అన్న, తమ్ముడికి వాళ్లకీ వేర్వేరు మాటలున్నాయి: చ్యెచ్యె, మెయ్‌మెయ్, కక, తితి. మేనత్త వేరు, పిన్ని వేరు. ఉత్తరాది వాళ్ల మాటలో మేము, మనం అనే తేడా కూడా ఉంది, వొమెన్, ౘాన్‌మెన్ అని. ఇంగ్లీషులో ఆలోచిస్తే ఇవన్నీ కొత్త పాఠాలు. తెలుగులో ఆలోచిస్తే నీకు ముందే తెలిసినవి. నోట్‌బుక్‌లో అర్థాలు తెలుగులో రాసుకో.

అక్షరాల గురించి కంగారు పడకు. ఎక్కువ అక్షరాల్లో ఒక ముక్క అర్థం వైపు చూపిస్తుంది, రెండో ముక్క ఉచ్చారణ వైపు. ఎడమ పక్క మూడు చుక్కలుంటే నీటికి సంబంధించినది, నోటి గుర్తు చతురం ఉంటే మాటకో తిండికో సంబంధించినది. ఆ ముక్కల పేర్లు నేర్చుకున్నాక అక్షరం గీతల గుంపులా కనిపించదు. చేత్తో రాయి, గీతల వరుస తప్పకుండా రాయి. ప్లీకో నిఘంటువు ఫోన్లో పెట్టుకో, తెలియని అక్షరాన్ని వేలితో గీస్తే అర్థం చెప్తుంది. ఇంకొక లెక్క చెప్తాను, ధైర్యం వస్తుంది. 2010 నాటి ఆరు స్థాయుల హెచ్‌ఎస్‌కేలో నాలుగో స్థాయికి కావాల్సినవి 1,200 మాటలు. 2021లో తొమ్మిది స్థాయుల కొత్త ప్రమాణం వచ్చింది, కాబట్టి నువ్వు రాయబోయేది ఏ పద్ధతో టీచర్‌ని అడిగి రాసి పెట్టుకో. పాత లెక్కే అయితే, పది నెలలకి పంచితే రోజుకి నాలుగు మాటలు.

బజారు భాష నీకు వేరేలా వినిపించడం నీ చెవి తప్పు కాదు. అది నిజంగానే వేరు. క్లాసులో నేర్పేది ఫుథుంగ్‌హ్వా, అంటే దేశమంతటికీ ప్రామాణికమైన చైనీస్, చెంగ్డూ వీధుల్లో నడిచేది ఆ ప్రాంతపు సిచువాన్ మాట. మొదటి నెలలో మన పాఠ్యపుస్తకం తెలుగు చదివిన విదేశీయుణ్ణి శ్రీకాకుళం సంతలో వదిలినట్టుంటుంది. అక్కడ స్వరాల బాణీ మారిపోతుంది, న, ల చాలాచోట్ల కలిసిపోతాయి, ష అంటూ నాలుక మడవడం ఉండదు. పుస్తకంలో నాలుగు స్, పది షి. కూరగాయలమ్మే ఆవిడ నోట రెండూ స్‌లాగే వస్తాయి. అనుమానం వస్తే వేళ్లు చూపించమను. చైనాలో ఒకటి నుంచి పది దాకా ఒంటి చేత్తో చూపించే గుర్తులున్నాయి, బొటనవేలూ చిటికెనవేలూ చాపితే ఆరు. ఒక పూట కూర్చుంటే వచ్చేస్తాయి, అవి నేర్చుకో. 'ఛింగ్ ష్వొ ఫుథుంగ్‌హ్వా' అని మర్యాదగా అడిగితే కుర్రవాళ్లు వెంటనే మారుస్తారు. పెద్ద వయసు ఆడవాళ్లని ఆయి అనో, డ్రైవర్లని షిఫు అనో పిలిచి మొదలుపెట్టు. వరస కలిపి పిలిస్తే అక్కడా మనుషులు మెత్తబడతారు.

ఊళ్లో మాట్లాడటానికి తీరిక ఉన్నవాళ్లు దొరికే చోటు కూడా నీకు దగ్గర్లోనే ఉంది. చెంగ్డూ టీ దుకాణాలకి పెట్టింది పేరు. పీపుల్స్ పార్క్‌లో హమింగ్ టీ హౌస్‌కి ఒక ఆదివారం వెళ్లు. వెదురు కుర్చీలు, మూత కప్పులో టీ, నీళ్లయిపోతే మళ్లీ మళ్లీ పోస్తారు. ఒక్క టీతో మధ్యాహ్నమంతా కూర్చోవచ్చు, ఎవరూ లెమ్మనరు. చుట్టూ రిటైరైన వాళ్లు పేకాట, మహ్‌జాంగ్ ఆడుతుంటారు. చెవులు శుభ్రం చేసేవాళ్లు ఇనప పటకారు మోగించుకుంటూ తిరుగుతుంటారు. పుస్తకం తెరిచి అక్షరాలు రాసుకుంటూ కూర్చో. పక్క బల్ల దగ్గరి పెద్దాయన ఏ దేశం అంటాడు, ఎంత వయసు అంటాడు, పెళ్లయిందా అంటాడు. మన ఊళ్లో రైలెక్కితే అడిగే ప్రశ్నలే. వాటికి నాలుగు వాక్యాలు ముందే తయారు చేసుకుని వెళ్లు. అవే ప్రశ్నలు అందరూ అడుగుతారు కాబట్టి అవే జవాబులు పదే పదే చెప్తావు, నోరు తిరిగేది అలాగే. హాస్టల్ గేటు దగ్గర కూర్చునే ఆయితో కూడా రోజూ ఒక మాట మాట్లాడు. తిన్నావా అని వాళ్లూ పలకరిస్తారు, 'ఛిల మ' అంటే అదే.

తెలుగు వాళ్ల గదికి వెళ్లడం మానొద్దు. పరాయి ఊళ్లో మన మాట వినపడే చోటు ఉండటం అదృష్టం. వెళ్లే వేళ మాత్రం మార్చు. క్లాసు అయ్యాక ముందు బయటి పని ఏదో ఒకటి, ఒక కొనుగోలో, ఒక పలకరింపో, చైనీస్‌లో పూర్తి చేసుకుని, ఆ తర్వాత అక్కడికి వెళ్లి కడుపారా తెలుగు మాట్లాడుకో.

తిండి సంగతి. క్యాంటీన్‌లో వేళకి వెళ్లాలి, మధ్యాహ్నం పదకొండున్నర, సాయంత్రం అయిదున్నర. మనలా రాత్రి తొమ్మిదింటికి వెళ్తే మిగిలేది చల్లారిన గిన్నెలే. ఉత్తినే మాంసం వద్దు అంటే సరిపోదు, పంది కొవ్వుతో వండిన కూరో, పైన కీమా చల్లిన టోఫూనో వచ్చే అవకాశం ఉంది. విడిగా చెప్పు: 'పు ఛి ట్చు రోవ్' అంటే పంది మాంసం తినను, 'పు ఛి న్యూ రోవ్' అంటే గొడ్డుమాంసం తినను. ఎవరో ఒకరు ముస్లిం క్యాంటీన్‌కి వెళ్లమని సలహా ఇచ్చే ఉంటారు. అక్కడ పంది మాంసం ఉండదు, నిజమే, కానీ నూడుల్స్ పులుసు చాలావరకూ గొడ్డుమాంసంతో కాచినదే, నీకు అది పనికిరాదు. టమాటా గుడ్డు కూర, ఫాన్‌ఛ్యె ఛావ్ తాన్, దాదాపు ఏ క్యాంటీన్‌లోనైనా దొరుకుతుంది. బంగాళాదుంపని దారాల్లా తరిగి మిరపకాయ, వెనిగర్ వేసి వేయించే కూర థుతోవ్ స్ అన్నంలోకి బాగుంటుంది. నాలుక తిమ్మిరెక్కించేది మిరపకాయ కాదు, హ్వాచ్యావ్ అనే దినుసు, అది వద్దని చెప్పొచ్చు. కారం మాత్రం నీకు కొత్త కాదు. మీ ఖమ్మం యార్డులో అమ్ముడయ్యే తేజ మిర్చి చైనాకి ఎగుమతి అవుతుంది, నువ్వు పుట్టిన నేల పంట నీకంటే ముందే ఆ దేశం చేరింది. బౌద్ధ ఆలయాల దగ్గర శాకాహార భోజనశాలలుంటాయి, వారానికొకసారి అక్కడ భయం లేకుండా తిను. గదిలో కుక్కర్ పెట్టే ముందు హాస్టల్ నిబంధన చూసుకో. చాలాచోట్ల ఒప్పుకోరు.

ఇంగ్లీషు చెప్పే పనికి మాత్రం వెళ్లొద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు. నువ్వున్నది చదువు కోసం ఇచ్చిన నివాస అనుమతి మీద. తగిన అనుమతి లేకుండా పని చేస్తే 2013 జులై నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం 5,000 నుంచి 20,000 యువాన్ల దాకా జరిమానా, తీవ్రంగా చూస్తే దానితో పాటు 5 నుంచి 15 రోజుల నిర్బంధం, ఆ పైన దేశం నుంచి పంపేయడం. డబ్బు చేతికిచ్చేవాడు నీ పేరు మీద ఏ కాగితమూ పెట్టడు, పట్టుబడితే నష్టం నీదే. సీనియర్ మంచిమనసుతోనే చెప్పి ఉండొచ్చు, అయినా వద్దు. డబ్బు ఇబ్బందిగా ఉంటే విదేశీ విద్యార్థుల ఆఫీసులో అడుగు, అనుమతితో క్యాంపస్‌లో చేసే పనులు ఏమైనా ఉంటే వాళ్లే చెప్తారు. ఇంకొకటి, హాస్టల్ వదిలి బయట ఇల్లు తీసుకుంటే కొత్త చిరునామాని 24 గంటల్లో దగ్గరి పోలీస్ స్టేషన్‌లో నమోదు చేయించుకోవాలి. మనవాళ్లు చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుని ఇబ్బంది పడ్డారు.

అమ్మతో నిజం చెప్పు. ఫోన్ మాట్లాడటమే అక్కడ ఒక ప్రయాస అని నాకు తెలుసు. వాట్సాప్ చైనాలో తెరుచుకోదు, వీచాట్‌ని మన ప్రభుత్వం 2020 జూన్‌లో నిషేధించింది. మన దేశపు సిమ్ రోమింగ్‌లో ఉంటే వాట్సాప్ నడుస్తుంది గానీ ఖర్చు ఎక్కువ. ఇంత కష్టపడి దొరికిన పది నిమిషాల్లో 'బాగున్నాను' అని చెప్పి పెట్టేస్తే, నీ మాటకీ నీ గొంతుకీ పొంతన లేదని ఆవిడకి తెలియకుండా ఉంటుందా? తెలియని భయం ఆవిడని ఎక్కువ తినేస్తుంది. చదువు కష్టంగా ఉంది, తిండి అలవాటు కాలేదు, నేర్చుకుంటున్నాను అని ఉన్నదున్నట్టు చెప్పు. ఆ రోజు కొత్తగా వచ్చిన మాట ఒకటి ఆవిడ చేత పలికించు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, ఇంట్లో భోజనాలయ్యేసరికి నీకు అర్ధరాత్రి దగ్గర పడుతుంది. కాబట్టి ఇక్కడ సాయంత్రం ఆరింటికి మాట్లాడుకోండి, నీకు ఎనిమిదిన్నర. నిద్ర చెడకుండా ఉంటుంది.

నిద్ర గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏడుపు రావడం మొదటి నెలల్లో సహజం. కానీ వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తినాలనిపించకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది చదువు సమస్య కాదు. అదే రోజు విదేశీ విద్యార్థుల ఆఫీసులో టీచర్‌కి చెప్పు, తెలుగు గదిలో నువ్వు నమ్మే ఒకరికి చెప్పు, వాళ్లని తోడు తీసుకుని యూనివర్సిటీ కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్లు. భాష రాలేదని సిగ్గుపడి ఆగకు.

ఉండిపోవాలా, వచ్చెయ్యాలా అన్నది ఇప్పుడు తేల్చకు. సంక్రాంతి నాటికి నీ సెమిస్టర్ పరీక్షలు అయిపోతాయో లేదో ముందు తేదీలు చూసుకో. వాళ్ల కొత్త సంవత్సరం జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య వస్తుంది, సెలవులు దాని చుట్టూ ఉంటాయి. పరీక్షలు రాసి, సెలవులకి ఇంటికి వెళ్లు. పాస్‌పోర్టులో అతికించిన నివాస అనుమతి గడువులో ఉంటే తిరిగి రావడానికి మళ్లీ వీసా అక్కర్లేదు, ఆ తేదీ టికెట్ కొనే ముందే చూసుకో. ఇంట్లో నాలుగు రోజులు కడుపునిండా తిని, నిద్రపోయి, అప్పుడు ఆలోచించు. అప్పటికీ వద్దనిపిస్తే మానుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. కానీ చెప్పకుండా ఆగిపోవద్దు, చెప్పా పెట్టకుండా రాకపోతే ముందు ముందు ఇంకో స్కాలర్‌షిప్‌కో వీసాకో అది అడ్డం రావచ్చు. యూనివర్సిటీకి రాతపూర్వకంగా తెలియజేసి, వాళ్ల నుంచి కాగితం తీసుకుని రావాలి. అవసరం పడితే ఆ లేఖ నాకు పంపు, చైనీస్‌లో నేను రాసి పెడతాను.